జనరల్ తాగిన కాఫీ

పోయినవారం మిమ్మల్ని మా వాకిట్లో నిలబెట్టి నేను వెళ్ళిపోయాను, ఏమీ అనుకోకండి. పెద్ద కారు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, నల్ల బూటొకటి నేల మీద ఆనింది. అక్కడ ఆపాను. ఆ బూటు జనరల్ నాసిఫ్ హబ్బూష్ గారిది.

కొత్తగా చేరినవాళ్ళు ఉంటారు గనక రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు వర్దే. మాది ఐన్ సఫ్సాఫ్, బీరూట్ నుంచి వచ్చేవాళ్ళకి చెవులు దిబ్బెళ్ళు పడేంత ఎత్తున ఉంటుంది. నాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మిల్హిమ్, జనరల్ గారి పార్టీకి మా ఊళ్ళో పెద్ద. చిన్నవాడు సిమాన్, ఆయన సైన్యంలో సిపాయిగా చేరాడు. యుద్ధం ఆఖర్లో, ఒక అక్టోబరు పొద్దున, సరిహద్దు అవతలి సైన్యం విమానాలేసుకుని మా కొండ మీద పడింది. ముందురోజు సాయంత్రం జనరల్ గారు రేడియోలో "ఈ కొండ మీద మిగిలే ఆఖరి మనిషిని నేనే" అన్నారు. తెల్లారేసరికి ఆయన పడవెక్కేశారు. ఆ సంగతి కొండ మీది పిల్లలకి మధ్యాహ్నం దాకా తెలీదు. ఆయన ఇంకా వెనకే ఉన్నారనుకుని కాలుస్తూనే ఉన్నారు. పోయినవాళ్ళని కిందికి మోసుకొచ్చాం, బతికినవాళ్ళు కుంటుకుంటూ వచ్చారు. మా సిమాన్ ఇందులోనూ లేడు, అందులోనూ లేడు.

వాడి కోసం నేను ఇప్పటిదాకా నల్లబట్ట కట్టలేదు. చర్చిలో వాడి పేర చనిపోయినవాళ్ళ ప్రార్థన చేయించలేదు. "నా కొడుకేడీ" అని అడిగే తల్లులు ఒకప్పుడు ఈ కొండ మీద చాలామంది ఉండేవాళ్ళం. ఒక్కొక్కరే పోయారు. నేను మిగిలాను.

ఇక ఇప్పటి సంగతి. ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ఊరి మొదట్లో జనరల్ గారు అమరవీరుల రాయి నిలబెట్టించారు. దాని మీద మా సిమాన్ పేరు చెక్కించారు, పక్కన చిన్న సిలువతో సహా. వచ్చే ఆదివారం దాని మీది గుడ్డని నా చేత్తో లాగించాలని ఆయన కోరిక. నేను లాగానంటే నా కొడుకు చచ్చిపోయాడని నేనే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగడానికి నాకు నోరుండదు.

ఇదీ సంగతి. రండి, లోపలికి పోదాం.

*

ఆయన దిగారు. పద్నాలుగేళ్ళు పరదేశంలో ఉండి తిరిగొచ్చిన ఏడాది ఇదే వాకిట్లో ఇలాగే దిగితే కొండంతా కార్ల హారన్లు పాటలా మోగాయి. మేడల మీద నుంచి ఆడవాళ్ళం బియ్యం చల్లాం, గులాబీ రేకులు చల్లాం. ఎన్ని చల్లామంటే పిచ్చుకలు రెండు రోజులు మా వీధి వదల్లేదు. ఈసారి మాత్రం మంగలి దుకాణం ముందు నలుగురు కూర్చుని ఉండి, లేవలేదు. పెట్రోలు దొరక్క కార్లన్నీ గుడ్డలు కప్పుకుని పడుకున్నాయి. ఎవరో వెనకనుంచి "జనరల్ గారూ, ఈసారి కరెంటు జేబులో వేసుకొచ్చారా?" అన్నారు. నవ్వులు వినపడ్డాయి. ఆయన వినపడనట్టే నడిచారు.

మనిషి చిక్కిపోయారు. చేతిలో ఎప్పుడూ ఉండే పూసల దండ మాత్రం అలాగే ఉంది. ఒక చేతినుంచి ఇంకో చేతికి, మళ్ళీ ఈ చేతికి, ఆ దండకీ ఆ వేళ్ళకీ కుదురన్నది లేదు. టీవీలో మాట్లాడేటప్పుడు కూడా అంతే, మీరు చూసే ఉంటారు.

నేను వంటింట్లో కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి నురగ కోసం చూస్తున్నాను. మనవరాలు జుమానా నా పక్కనే అటూ ఇటూ తిరుగుతోంది. మిల్హిమ్ కూతురు. తండ్రి జనరల్ బొమ్మని హాల్లో టీవీ పైన తగిలిస్తే, ఇది తండ్రి లేనప్పుడల్లా దాన్ని గోడవైపు తిప్పేది. బీరూట్లో బ్యాంకులు తలుపులు మూసినప్పుడు మిగతా పిల్లలతో కలిసి వీధుల్లో కూర్చుంది, పోలీసుల చేత కళ్ళల్లో పొగ కొట్టించుకుంది.

"బామ్మా, నువ్వు సరేనంటే నేను ఈ ఇంట్లో అన్నం తినను."

"ఈ ఇంట్లో అన్నం ఎవరు వండుతున్నారే? ముందు అది చెప్పు."

"నవ్వులాటగా ఉందా నీకు? ఆయన వాళ్ళతో చేతులు కలిపాడు బామ్మా. బాబాయిని పట్టుకెళ్ళినవాళ్ళతో! వాళ్ళకి తప్పిపోయినవాళ్ళ మాట వినపడకూడదు. అందుకే ఈ రాయి."

"తెలుసులే. గట్టిగా అరవకు, నురగ విరుగుద్ది."

"మీ నాన్న మొహం చూశావా?" అని కూడా అన్నాను. అది చూసింది. తలుపు సందులోంచి హాలు కనపడుతోంది. మిల్హిమ్ మెడలో పార్టీ నీలం కండువా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడికి అరవై దాటాయి. తండ్రి పోయినప్పుడు కూడా అంత వొంగి నిలబడలేదు. పదిహేనేళ్ళుగా ఊళ్ళో ఎవరేమన్నా "జనరల్ గారికి మన సిమాన్ సంగతి గుర్తుంది, అదను చూస్తున్నారు" అని చెప్పుకుంటూ వచ్చాడు. బయటివాళ్ళకి చెప్పినట్టే తనకి తనూ చెప్పుకున్నాడు. తమ్ముణ్ణి సైన్యంలో చేర్పించింది వాడే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ పైకి అనం.

"కారులో డ్రైవరున్నాడు, పాపం ఎండలో ఉన్నాడు, ముందు అతనికి ఒక కప్పు ఇచ్చిరా," అన్నాను. జుమానా పట్టుకెళ్ళి, కాసేపటికి అదే కప్పుతో వెనక్కొచ్చింది.

"తాగలేదు బామ్మా. తీసుకున్నాడు, చూశాడు, కారు మీద పెట్టాడు. మళ్ళీ తీసి నాకే ఇచ్చేశాడు."

"వద్దన్నాడా?"

"వద్దనలేదు. 'ఇప్పుడు కాదు' అన్నాడు. వింత మనిషి."

జనరల్ గారి గొడవలో ఉన్నాను గనక ఆ మాట నా బుర్రకెక్కలేదు. మీరు గుర్తు పెట్టుకోండి.

*

హాల్లో జనరల్ గారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. అటూ ఇటూ పార్టీ మనుషులు, మూలన మా ఊరి పెద్ద నఖ్లే బావ. ఆయనకి చెవుడు, కానీ మర్యాదలూ పద్ధతులూ ఆయనే తేల్చాలి. ఏ ఇంట్లో ఏ పెద్దమాట జరిగినా ఆయన కుర్చీ ఉంటుంది. నేను పళ్ళెం తీసుకెళ్ళి ముందు ఆయనకి, ఆ తర్వాత జనరల్ గారికి కాఫీ అందించాను.

జనరల్ గారు కప్పు తీసుకున్నారు. పెదవి దాకా తీసుకెళ్ళలేదు. ముందున్న బల్ల మీద పెట్టేశారు.

మా కొండల్లో అందరికీ తెలిసిన పద్ధతి అది. పిల్లనడగడానికి వచ్చినా, హత్య జరిగిన ఇంటికి రాజీకి వచ్చినా, కోరికతో వచ్చినవాడు తన మాట చెల్లిందాకా కప్పు ముట్టడు. చెల్లితే తాగుతాడు. చెల్లకముందే తాగాడంటే కోరిక వదులుకున్నట్టే. చెల్లకుండా లేచిపోతే ఆ నిండు కప్పు ఆ ఇంటికి మచ్చ. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఉత్త నోటితో పంపారని తరతరాలు చెప్పుకుంటారు.

"చెల్లెమ్మా," అన్నారు జనరల్ గారు. "ఏం అడగడానికి వచ్చానో మీకు తెలుసు. మీరు సరేనన్నాకే ఈ కాఫీ."

మిల్హిమ్ నా వంక చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది.

కాదంటే నా ఇల్లు చెడుద్ది. అవునంటే నా కొడుకు చస్తాడు. నాకు చదువు లేదు, సంతకం పెట్టడమొక్కటే వచ్చు. కానీ నోరుంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"అదేంటి జనరల్ గారూ, అంత తొందరా? ఎన్నాళ్ళకొచ్చారు! జుమానా, లేతబాదం పట్రావే."

అది వసంతం. పచ్చి బాదంకాయలు పళ్ళ కింద కరకరలాడే రోజులు. జుమానా పెద్ద గిన్నెలో తెచ్చి పెట్టింది, మా అలవాటు ప్రకారం ఉప్పు దొర్లించి. ఒట్టేసి చెప్తున్నాను, ఆ ఉప్పు వేసింది నేను కాదు. అంత ఉప్పు నేనైతే వెయ్యను.

"తీసుకోండి. వెనక చెట్టువి. మా సిమాన్ ఆ చెట్టు మీదనుంచే పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎలా పడ్డాడంటారా..."

చెప్పాను. చెట్టు సంగతి చెప్పాను. వాణ్ణి కట్టేద్దామని మా ఆయన గాడిద తాడు తెస్తే ఆ తాడుతోనే ఉయ్యాల కట్టుకున్న సంగతి చెప్పాను. వాడికి కాలు నిలవదు జనరల్ గారూ, పీట మీద కూర్చోబెడితే పీట కూడా నడిచేది అన్నాను. పార్టీ మనుషులు గడియారాలు చూసుకుంటున్నారు. జనరల్ గారు మర్యాద కోసం ఒక బాదంకాయ నమిలారు, ఆ వెంటే ఇంకోటి. పూసల దండ ఎడమ చేతిలో టకటకా తిరుగుతూనే ఉంది.

"చెల్లెమ్మా, అలాంటి వీరుడి పేరు రాయి మీద..."

"వీరుడే. బెండకాయలకి మాత్రం వీరుడు కాదు," అన్నాను. "చలికాలానికి బెండకాయలు దండ గుచ్చి ఎండేసేవాళ్ళం కదా, సూది వాడి చేతికిస్తే కాయ బదులు వేలు గుచ్చుకునేవాడు. అందుకని నేను గుచ్చేదాన్ని, ముడులు వాడి చేత వేయించేదాన్ని. అదొక్కటే కుదురుగా చేసేవాడు."

"ఈ దేశానికి నేనేం మాటిచ్చానో..." అని ఆయన మొదలెట్టగానే పైన పంకా ఆగిపోయింది. కరెంటు పోయింది. రోజూ పోయేదే అనుకోండి.

నఖ్లే బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నారు? ఏం మాటిచ్చారు?" అని గట్టిగా అడిగాడు.

"ఇరవైనాలుగ్గంటల కరెంటు, తాతా!" అంది జుమానా తలుపు దగ్గరనుంచి.

పార్టీ మనుషుల్లో ఒకడు నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. "జుమానా, లోపలికి ఫో," అన్నాడు మిల్హిమ్. అది కదల్లేదు.

కిటికీ అవతల నలుగురైదుగురు చేరారు. మంగలి కూడా దుకాణం వదిలి వచ్చి గోడకి ఆనుకున్నాడు. గాలి లేదు, ఉక్క. జనరల్ గారి నుదుటి మీద చెమట. ఉప్పుకి పెదవులు ఆరిపోయి, నాలుకతో తడుపుకుంటున్నారు.

నేను ఆపలేదు. "మీరు తిరిగొచ్చిన రోజు గుర్తుందా? ఇక్కడే, ఈ గుమ్మంలో మీ చెయ్యి పట్టుకున్నాను. బియ్యం ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. నా కొడుకేడీ అనడిగాను. మీరేమన్నారు?"

"గుర్తుంది చెల్లెమ్మా."

"ఏమన్నారో చెప్పండి. వీళ్ళూ వింటారు."

ఆయన ఒక్క క్షణం కిటికీ వైపు చూశారు, మళ్ళీ నా వైపు. "వాడి కోసమే తిరిగొచ్చాను అన్నాను."

"అన్నారు. నేను నమ్మాను. ఈ మిల్హిమ్ నమ్మాడు. ఊరు ఊరంతా నమ్మింది. ఆ తర్వాత మీ తమ్ముడి కొడుకులు మంత్రులయ్యారు, వాళ్ళ బావమరుదులు రేవుకి పెద్దలయ్యారు. పోనీండి, ఎవరి కడుపు తీపి వాళ్ళది. వాణ్ణి పట్టుకెళ్ళినవాళ్ళ ఇంటికి మీరు భోజనానికి వెళ్ళడం టీవీలో చూశాను. అప్పుడు కూడా ఏమనుకున్నానంటే, వెళ్ళారు కదా, అన్నం ముందు కూర్చుని అడుగుతారులే అనుకున్నాను. అడిగారా?"

అప్పుడు జరిగింది చూడండి. ఆయన జవాబు వెతుక్కుంటున్నారు. వెతుక్కునే మనిషి చేతులకి ఏదో ఒకటి కావాలి కదా. కుడిచేతిలో బాదం పిప్పి ఉంది, దాన్ని పళ్ళెంలో వేశారు. ఎడమచేతిలోని పూసల దండని బల్ల మీద పెట్టారు. కప్పు ఎత్తారు. ఒక్క గుక్కలో తాగేశారు.

పరదేశంలో ఉన్నప్పుడూ, వచ్చాకా ఎన్ని పెద్దపెద్ద గదుల్లో ఎన్ని కాఫీలు ఊరికే తాగి ఉంటారో. ఎవరూ ఏమీ అడగని కాఫీలు. అలవాటు చొప్పున చెయ్యి వెళ్ళిపోయింది.

ఖాళీ కప్పు బల్ల మీద చప్పుడైంది. చెవుడున్న నఖ్లే బావకి కళ్ళు మాత్రం డేగ కళ్ళు. కర్ర నేల మీద కొట్టాడు.

"తాగారు!" అన్నాడు. "జనరల్ గారు తాగారు! కోరిక వదులుకున్నారు!"

కిటికీ అవతల ఎవరో ఈల వేశారు. జనరల్ గారు కప్పు వంక చూసుకున్నారు, అది వేరేవాళ్ళ చేతిలోంచి వచ్చి పడ్డట్టు.

"అది కాదు... దాహమేసింది... ఇది లెక్కలోకి రాదు," అన్నారు.

"మా నాన్న కాలంనుంచీ లెక్కలోకి వస్తోందయ్యా," అన్నాడు నఖ్లే బావ. "మీ నాన్నగారూ ఈ కొండలవారే. ఆయనకి తెలిసే ఉండాలి."

మిల్హిమ్ ముందుకొచ్చాడు. "అమ్మా, వారు పొరపాటున..." అంటూ నా భుజం మీద చెయ్యేశాడు. నేను వినడం లేదు. నా కళ్ళు బల్ల మీదున్నాయి.

పదిహేనేళ్ళుగా టీవీలో చూస్తున్న ఆ దండ ఆగి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. దగ్గరనుంచి చూస్తే అవి అంగట్లో కొన్న పూసలు కావు. ఆలివ్ గింజలు. రెండు కొసలూ రాతి మీద అరగదీసి, మధ్యలో బెజ్జం పొడిచిన గింజలు. చేతులకి వేరే పని లేని చోట, పనిముట్టు లేని చోట అలాంటివి చేస్తారు. జైళ్ళనుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో చూశాను.

అది కూడా కాదు. ముడి.

దండ చివర ముడి వేసి ఉంది. రెండు చుట్లు చుట్టి, కొసని వెనక్కి మడిచి, మొదటి చుట్టు కిందనుంచి పైకి లాగిన ముడి. లాగాక కొస కుందేలు చెవిలా నిక్కి నిలబడుతుంది. మా అమ్మ తన పుట్టింటినుంచి తెచ్చుకున్న ముడి అది. ఈ ఊళ్ళో ఇంకెవరూ వెయ్యరు. నా బెండకాయల దండలు చూసి "వర్దే కుందేళ్ళు వచ్చాయి" అని ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు. నేను నేర్పింది ఇద్దరికి. మిల్హిమ్‌కి చేతకాలేదు. సిమాన్‌కి వచ్చింది.

దండ చేతిలోకి తీసుకున్నాను. జనరల్ గారు చటుక్కున చెయ్యి చాపారు. ఆ చెయ్యి తగిలి పళ్ళెం కదిలింది, ఇంకో కప్పు ఒరిగిపోయి కాఫీ బల్ల మీద పారింది.

"అది ఇటివ్వండి చెల్లెమ్మా."

"ఇస్తాను. ఇదెవరు చేశారో చెప్పండి, ఇస్తాను."

"ఎవరో ఇచ్చారు. రోజూ ఎందరో ఏవేవో ఇస్తుంటారు."

నేను దండని మిల్హిమ్ చేతిలో పెట్టాను. వాడు ముందు నా మొహం చూశాడు, ఆ తర్వాత దండ, చివరకి ముడి. బొటనవేలితో ఆ నిక్కిన కొసని వంచాడు. వదిలేశాడు. అది మళ్ళీ నిక్కింది.

"ఇది తమ్ముడిది," అన్నాడు. ఎవరికీ చెప్పడం కాదు, ఊరికే అన్నాడు. జనరల్ గారి వైపు తిరిగాడు. "సార్. ఇది మీకెప్పుడిచ్చారు?"

"మిల్హిమ్, కూర్చో. ఇది నలుగురిలో మాట్లాడే..."

"ఎప్పుడిచ్చారు సార్?"

అంతమందిలో వాడాయన మాటకి అడ్డు తగలడం అదే మొదలు. జనరల్ గారికీ అది తెలిసింది. కాలర్ సర్దుకున్నారు. సైన్యం గొంతు తెచ్చుకోబోయారు. రాలేదు.

"నేను తిరిగొచ్చిన ఏడాది. అక్కడినుంచి బయటపడ్డవాడొకడు తెచ్చాడు."

"మా తమ్ముడి పేరు చెప్పాడా?"

"...చెప్పాడు."

"బతికున్నాడని చెప్పాడా?"

పంకా లేదు, గాలి లేదు. కిటికీ దగ్గరున్నవాళ్ళు తలలు లోపలికి పెట్టారు.

"అప్పటికి ఉన్నాడు," అన్నారు జనరల్ గారు. "వినండి, అందరూ వినండి. అవి ఎలాంటి రోజులో మీకు తెలీదు. వాళ్ళతో సంధి మాటలు నడుస్తున్నాయి. ఒక్క పేరు బయటపెడితే మొత్తం చెడేది. దేశం కోసం ఒక్క పేరుని..."

"ఆ ఒక్క పేరు మా తమ్ముడిది సార్," అన్నాడు మిల్హిమ్. "మా తమ్ముడి పేరే రాయి మీద చెక్కించారు. సిలువతో సహా. చెక్కేటప్పుడు దగ్గరుండి నేనే చూశాను. అక్షరాలు నిండుగా రావాలని ఆ పనివాడితో పోట్లాడాను."

"ఇప్పుడు ఉన్నాడో లేడో నాకు తెలీదు. నిజంగా తెలీదు."

"అడిగితే తెలిసేది," అన్నాను నేను.

ఇంత వయసొచ్చింది, ఎందరి కోపాలో చూశాను, కానీ నాకు ఆ నిమిషంలో కోపం రాలేదు, చిత్రం. ఆయన్ని చూస్తే ఎవరో ముసలాయన దారి తప్పి మా ఇంట్లో కూర్చున్నట్టనిపించింది. ఇతని కోసమా మనం బియ్యం చల్లింది అనుకున్నాను. ఆ బియ్యం వండుకుని ఉంటే పిల్లలు తినేవాళ్ళు.

బల్ల మీద కాఫీ పారి అంచుదాకా వచ్చింది, చుక్కలు నేల మీద పడుతున్నాయి. మిల్హిమ్ మెడలోంచి నీలం కండువా తీశాడు. మడత పెట్టాడు. వొంగి దానితో బల్ల తుడిచాడు. కిందపడ్డ చుక్కలు కూడా ఒక్కటి వదలకుండా తుడిచి, కండువాని పిండి, ఖాళీ పళ్ళెంలో పడేశాడు. పోయి గుమ్మం తలుపు బార్లా తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

"దయచేయండి సార్," అన్నాడు.

*

జనరల్ గారు లేచారు. దండ అడగలేదు. పార్టీ మనుషులు ముందే జారుకున్నారు, తమకేం సంబంధం లేనట్టు. గుమ్మం దాటుతుంటే కిటికీ దగ్గరున్నవాళ్ళు దారి ఇచ్చారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు కూడా. తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేదేమో. మంగలి మాత్రం నిమ్మళంగా, "జాగ్రత్త సార్, మెట్టుంది," అన్నాడు.

"షుక్రీ!" అని పిలిచారాయన, కారు వైపు.

కారులో ఎవరూ లేరు.

"షుక్రీ! ఎక్కడ చచ్చావు?"

అతను మా పక్కగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. డ్రైవరు. జుట్టు నెరిసి, పొడుగ్గా, ఎండిపోయిన మనిషి. జనరల్ గారి కారు మా ఊరికి ఎన్నిసార్లు వచ్చినా అతను అందులోంచి దిగగా నేను చూడలేదు. ఇప్పుడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, మా గోడకున్న తుప్పుపట్టిన మేకుల్ని ఒక్కొక్కటే తాకుతున్నాడు. నిరుటి బెండకాయల దండ ఒకటి ఇంకా అక్కడే వేలాడుతోంది. దాని ముడిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తున్నాడు.

జనరల్ గారు దగ్గరికెళ్ళి మోచెయ్యి పట్టుకున్నారు. "పోదాం పద."

షుక్రీ జేబులోంచి తాళాలు తీశాడు. తీసి జనరల్ గారి అరచేతిలో పెట్టాడు, వేళ్ళు మూసి మరీ.

"మీరు పదండి సార్," అన్నాడు. "నేను రాను."

ఆ తాళాలు పట్టుకుని ఆయన మా వాకిట్లో నిలబడ్డారు. కారు తనంతట తను నడిపి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియాలి. తలుపు తీయడానికి కూడా కాసేపు తడుముకున్నారు.

షుక్రీ నా దగ్గరికొచ్చాడు. నా మొహం చూడలేదు, నా కాళ్ళ వంకే చూస్తున్నాడు.

"ఈ గోడకి తొమ్మిది మేకులుండాలమ్మా. ఎనిమిదే ఉన్నాయి."

తొమ్మిదో మేకు మా ఆయన చనిపోయిన ఏడాది ఊడింది. సిమాన్ కనపడకుండా పోయాకే అది ఊడింది, తొమ్మిదని చెప్పగలిగినవాడు వాడే.

"లోపలికి రా నాయనా," అన్నాను.

వచ్చాడు. జనరల్ గారు కూర్చున్న కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం పక్కన ముక్కాలిపీట లాక్కున్నాడు. జుమానా వంటింట్లోకి పరిగెత్తింది, నేను ఆపాను. కాఫీ నేనే కాచాను. నురగ బాగా వచ్చింది. తెచ్చి అతని చేతికిచ్చాను.

అతను కప్పుని రెండు చేతుల్తో అందుకున్నాడు. కాసేపు పట్టుకున్నాడు. వొంగి, నా కాళ్ళ ముందు నేల మీద పెట్టాడు. తాగకుండా.

ఇందాక జుమానా వెనక్కి తెచ్చిన కప్పు అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"ఏం కావాలి నాయనా నీకు?" అనడిగాను.

"అక్కడ నేనూ వాడూ ఒకే గొలుసుకి ఉన్నామమ్మా. దండ తెచ్చింది నేనే. జనరల్ గారికి కాదు, మీకిమ్మని ఇచ్చాడు. ముందు ఆయనకి చూపించాను. నోరు మూసుకుంటే ఉద్యోగం అన్నారు. మూసుకున్నాను." అతను కప్పుని ఇంకాస్త నా వైపు జరిపాడు. "అది చిన్న తప్పు. దానికి కాదు నేను అడిగేది. పెద్దది వేరే ఉంది. అదేంటో చెప్పకముందే నన్ను క్షమించానని మీరనాలి. అంటే తాగుతాను. తాగాక సిమాన్‌ని ఎక్కడ వదిలి వచ్చానో చెప్తాను. ఎందుకు వదిలానో కూడా చెప్తాను."

బయట కారు స్టార్టయి ఆగిపోయింది, మళ్ళీ స్టార్టయి మళ్ళీ ఆగింది. మిల్హిమ్ దండని గుప్పిట్లో బిగించి నా వైపే చూస్తున్నాడు. "అనకు బామ్మా," అంది జుమానా. మిల్హిమ్ మాత్రం, "అనమ్మా," అన్నాడు.

నేల మీద కప్పులో నురగ ఒక పక్కనుంచి విరగడం మొదలుపెట్టింది. నేను నోరు తెరిచాను.